వినని ఇల్లు

టర్నిప్ మాడుతోంది. లోపల తొలిచి గుమ్మం బయట పెట్టిన టర్నిప్ దీపం వాసన తలుపు కింద సందులోంచి లోపలికొస్తోంది, మాడనీ, మాడితేనే హాలోవీన్ వచ్చినట్టు లెక్క అని ఇష్బెల్ చెప్పింది, ఎదురింటి ఇష్బెల్, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ సందులోనే ఉంది, ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, అయినా ఒక్కసారి తలుపు తీసి వత్తి చూసొస్తే, వద్దు సబీహా, కూర్చో, తీస్తే బయట పిల్లలెవరైనా ఉంటే నువ్వు తలుపుకి అతుక్కుని ఉన్నావని తెలిసిపోతుంది, యాభై దాటిన మనిషివి, కాస్త పెద్దరికంగా ఉండు. కింది మెట్టు మీద కూర్చున్నాను. ఒళ్ళో పళ్ళెం. పళ్ళెంలో తొక్కతో వేయించిన వేరుశనక్కాయలు, నారింజలు, షాపు చాక్లెట్లు, నిన్నంతా నిలబడి చేసిన ఖర్జూరం బిస్కెట్లు, వాటిలో కొన్ని ఇప్పటికే నేనే తినేశాను, కంగారు పుడితే నా నోరు ఊరుకోదు, మాట్లాడాలి లేదా తినాలి, ఇప్పుడు మాట్లాడటానికి ఎవరూ లేరు. సముద్రం మీంచి వచ్చే గాలి తలుపుకున్న ఉత్తరాల కన్నం రేకుని టకటకలాడిస్తోంది, అది టక్కుమన్నప్పుడల్లా లేస్తున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను, మోకాళ్ళు నన్ను తిట్టుకుంటున్నాయి. ఎక్కువమంది అక్కర్లేదు. వేషమేసుకుని ఒక్క పిల్ల వచ్చి ఈ తలుపు కొడితే చాలు, ఈ ఏడాదికి నాకింకేం వద్దు.

పోయినేడాది వచ్చారు. అదే కదా బాధ, సందులో ఉన్న పిల్లలందరూ వచ్చారు. గ్లాస్గోలో ఉన్నన్నేళ్ళూ పదో అంతస్తు కాపురం, కింద తలుపుకి తాళం, ఏ దెయ్యప్పిల్లా లిఫ్టెక్కి మా దాకా రాలేదు, పడవల ఇంజన్లు బాగుచేసే పని మా ఆయన ఖలఫ్‌కి ఈ రేవులో దొరికి మేం ఇక్కడికి మారాక అదే మొదటి హాలోవీన్, తలుపు చప్పుడవగానే నా ప్రాణం లేచొచ్చింది. తీశాను. మెట్టు మీద ఒక సముద్రపు దొంగ, దుప్పటి కప్పుకున్న దెయ్యం, నల్లబట్టల మీద తెల్లరంగుతో ఎముకలు గీయించుకున్న ఓ చిన్నపిల్ల. నోరు విప్పరు. నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డారు. అయ్యో చలి, అయ్యో సిగ్గుపడుతున్నారు పాపం, అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ నేను ఆ రకం కాదు, మా ఇళ్ళలో చుట్టం నోరు తెరిచి అడిగాడంటే ఇంటివాళ్ళ పరువు పోయినట్టే, అందుకని వాళ్ళు నోరు తెరవకముందే గుప్పిళ్ళతో తీసి సంచుల్లో పోశాను, ఎముకల పిల్ల ఏదో అనబోయింది, ఇంకా కావాలేమోనని ఇంకో గుప్పెడు పోశాను, మళ్ళీ అనబోయింది, మళ్ళీ పోశాను, సంచి నిండిపోయింది, వెళ్ళండి నాయనా, చలిలో నిలబడకండి అని నవ్వుతూ తలుపేశాను. ఎంత బాగా చేశానని మురిసిపోయాను కూడా. ఈ ఊళ్ళో నాలాగ పెట్టే చెయ్యి ఇంకోటి లేదు చూడు అని ఖలఫ్ దగ్గర గొప్పలు పోయాను.

సంగతి మొన్న తెలిసింది. టర్నిప్ తొలవడం నేర్పుతానని ఇష్బెల్ వచ్చింది, పోయినేడాది ఈ రోజుల్లో తుంటి ఆపరేషనై డండీలో కూతురింట్లో ఉంది గానీ ఊళ్ళోనే ఉండుంటే నాకీ గతి పట్టేది కాదు. గుమ్మడికాయైతే మెత్తగా తెగుతుంది కదా అంటే, అది అమెరికా వాళ్ళ సోకు, చెయ్యి నొప్పెట్టకుండా వచ్చేది దీపమేంటి అంది. నిజంగానే రాయి, చెంచాలు వంగిపోయాయి, చివరికి ఖలఫ్ పనిముట్ల పెట్టెలోంచి ఉలి తీయాల్సొచ్చింది. తోడిన గుజ్జు ఆవిడ చెత్తలో వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, బస్రాలో చలికాలం వచ్చిందంటే సందు మొగలో బండి, బండి మీద గంగాళం, గంగాళంలో ఖర్జూరపు పాకంలో కుతకుతలాడే టర్నిప్, కొనడానికి చిల్లర లేకపోయినా ఆ ఆవిరి మొహానికి తగలాలని వెళ్ళి నిలబడేవాళ్ళం, అటువంటి దాన్ని చెత్తలో వేస్తారా ఎవరైనా. వండి పెట్టాను. ఇష్బెల్ ఓ ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది, తింటే చావనులే అంది, ఇంకో ముక్క తీసుకుంది. తీసుకుంటూనే, పోయినేడాది పిల్లలు నీకేం చేసి చూపించారని అడిగింది. చేసి చూపించడమేంటి అన్నాను. ఆవిడ చేతిలో ఫోర్కు అలాగే ఆగిపోయింది.

పాటో, పద్యమో, జోకో, ఏదీ రాకపోతే కనీసం ఓ పిల్లిమొగ్గో, ఏదో ఒకటి చేసి చూపించాకే ఇక్కడి పిల్లలు చెయ్యి చాస్తారట. వాళ్ళని లోపలికి పిలవాలి, ముసుగు కింద ఎవరో కనిపెట్టాలి, తెలిసినా సరే ముందు రెండు తప్పు పేర్లు చెప్పడం మర్యాద, ఆ తర్వాత అయితే నువ్వేం చేస్తావ్ అని అడగాలి, అడిగేదాకా వాళ్ళు నోరు విప్పరు. దీనికోసం పిల్లలు వారాల తరబడి అద్దం ముందు నేర్చుకుంటారట, ఒకప్పుడు పెద్దవాళ్ళు కూడా తిరిగేవారట, ఇష్బెల్ వాళ్ళ నాన్న పెళ్ళాం గౌను తొడుక్కుని ఊరంతా ఎగిరొచ్చేవాడట. నేను జరిగింది చెప్పాను. చెబుతుంటే ఆవిడ మొహం మారింది.

"ఓహో, ఎఫీ ఏడ్చింది నీ ఇంటి దగ్గరేనా" అంది. చేపలకి పొగబెట్టే కొట్టు వాళ్ళ మనవరాలు ఎఫీ, ఆ ఎముకల పిల్ల. ఇంటికెళ్ళి సంచి నేలకేసి కొట్టిందట, ఆవిడ నా జోకు వినలేదు అని. "ఊరికే పెడితే అది ముష్టి, పిల్లా. వాళ్ళు ముష్టికి రాలేదు."

నాకు నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే ఇది నాకు తెలియని విద్యేం కాదు. రంజాన్ నెల సగమయ్యేసరికి మా అషార్ పేటలో గర్గియాన్, ఇఫ్తార్ ముద్ద గొంతు దిగీ దిగకముందే పిల్లలం వీధిలో పడేవాళ్ళం, మెళ్ళో అమ్మ కుట్టిన గుడ్డ సంచి, చేతిలో ఖాళీ నెయ్యి డబ్బా, డబ్బా వాయించడం నా పని, ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు, కొట్టుకుని మరీ నిలబెట్టుకున్నాను. ఇంటింటికీ పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం, పెట్టిన వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలని దీవించే పాట, పెట్టని వాళ్ళకి వేరే చరణం ఉండేది, అది ఇప్పుడు చెప్పకూడదు. మా నాయనమ్మని బీబీ అనేవాళ్ళం, మేడ మీద చెక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, వినపడలేదర్రా, నాకు చెవుడు, మళ్ళీ పాడండి అనేది. ఎక్కడి చెవుడు, పక్కింట్లో గుసగుసలు కూడా ఆవిడ చెవిన పడేవి, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. మళ్ళీ మళ్ళీ పాడించుకుని, మా గొంతులు బొంగురుపోయాక, తాడుకి కట్టిన బుట్ట మెల్లగా కిందికి దింపేది, జీడిపప్పు, బాదం, మిఠాయి. ఆ బుట్ట కన్నా కిటికీలో ఆవిడ మొహమే నాకు జ్ఞాపకం, నవ్వాపుకుంటూ, పెదవులు కొరుక్కుంటూ. మరి అలాంటి బీబీ మనవరాలివి, నీకెందుకు తట్టలేదే అంటే ఏం చెప్పను, మేం అరుచుకుంటూ వచ్చేవాళ్ళం, పాట ముందొచ్చేది, మేం తర్వాత, తలుపు తీసేసరికి సగం పాట అయిపోయేది, ఈ పిల్లలు నోరు మూసుకుని నిలబడితే అడిగించుకోవాలని నిలబడ్డారని ఎలా అనుకుంటాను.

"ఏంటి, ఈగలు తోలుకుంటున్నావా?" మేడ మీంచి ఖలఫ్. జలుబు చేసి మంచం దిగడు, దిగడు గానీ నోటికి మాత్రం జలుబు లేదు. ఈ చలికి ఈగలు కూడా లేవన్నాను. అయితే ఆ బిస్కెట్లు ఇటు పంపు, నేనే దెయ్యాన్నయి వస్తా అన్నాడు. నువ్వొస్తే ముసుగక్కర్లేదన్నాను. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు, మనసులో నాకన్నా ఎక్కువ చెవి ఒగ్గి వింటున్నాడని నాకు తెలుసు, అందుకే రేడియో కట్టేశాడు, ఫుట్‌బాల్ వస్తుంటే రేడియో కట్టేసే మనిషా అతను. నాకు జాలేసి, ఆ జాలి మీద కోపమొచ్చి ఇంకో బిస్కెట్టు తిన్నాను.

అయితే నువ్వేం చేస్తావ్. అయితే నువ్వేం చేస్తావ్. ఇష్బెల్ నేర్పిన మాట, పొద్దుట్నుంచీ వల్లె వేస్తున్నాను, అంట్లు తోముతూ, టర్నిప్‌కి కళ్ళు చెక్కుతూ, ఇందాక రొట్టెల కొట్టు పిల్లతో కూడా నోరు జారి అదే అనేశాను, ఆ పిల్ల రొట్టె చేతిలో పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. తప్పు పేర్లు కూడా సిద్ధం చేసుకున్నాను. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు పిల్లలే లేరు. అదిగో, అడుగులు. గాలి కాదు, అడుగులే, రాళ్ళ బాట మీద బూట్లు, చాలా బూట్లు, కిచకిచలు, ఎవరో పడబోయారు, ఎవరో నవ్వారు, దగ్గరికొస్తున్నాయి, యా అల్లా, నా గుమ్మం ముందే ఆగాయి. ఉత్తరాల కన్నం రేకు గాలికి కాస్త పైకి లేచి ఉంది, మాటలన్నీ నా ఒళ్ళో పడ్డాయి.

"ఆ ఇంటికొద్దు."

"ఎందుకు, దీపం పెట్టారుగా. టర్నిప్‌ది."

"వద్దు. అక్కడ వినరు."

బూట్లు కదిలాయి. పోయాయి. ఎదురింటి మెట్లెక్కిన చప్పుడు, ఇష్బెల్ తలుపు గంట.

వినరా. నేను వినను. పెట్టదు అనుంటే నవ్వుకునేదాన్ని, రుచి లేదు అనుంటే పోనీలే అనుకునేదాన్ని, ఎంత మాట, గ్లాస్గో బస్సుల్లో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు నాకు తమ అత్తల సంగతి, ఆపరేషన్ల సంగతి చెప్పుకుని దిగాల్సిన స్టాపు దాటిపోయేవారు, ఖలఫ్ ఇంజన్ల కథలు పెళ్ళైనప్పటి నుంచీ వింటున్నాను, ఒకే ఇంజను కథ పదిసార్లు విన్నాను, ఈ ఊళ్ళో నా అంత వినే మనిషి ఉందేమో చూపించమనండి. నోరే కాదు, నాకు చెవులు కూడా పెద్దవే. ఏడుపొచ్చేసింది. మెట్టు మీద పళ్ళెం పట్టుకుని, చిన్నపిల్లలా ముక్కు ఎగబీల్చుకుంటూ, ఇదేం ఖర్మ, దెయ్యాల పండగ నాడు దెయ్యాలు కూడా గడప తొక్కని కొంప అయిపోయింది నాది. ఆ ఏడుపులోనే బీబీ గుర్తొచ్చింది, కిటికీలోంచి బీబీ కాదు, ఒక ఏడు మాకు భయమేసి వీధిలోకి వెళ్ళకపోతే తనే ఒళ్ళంతా కప్పుకునే నల్లటి అబాయా నడుముకి బిగించి, నా డబ్బా లాక్కుని, ముసలి కాళ్ళతో ముందు నడిచిన బీబీ. పిల్లలు రాకపోతే పెద్దవాళ్ళే వెళ్ళాలర్రా అంది. ఇష్బెల్ వాళ్ళ నాన్న గౌను తొడుక్కుని వెళ్ళాడా లేదా. మరి నాకేం రోగం.

లేచాను. కొక్కేనికి ఖలఫ్ పసుపుపచ్చ వాన కోటు, రేవుకి వేసుకెళ్ళేది, మోకాళ్ళ కింది దాకా వచ్చింది, చేపల కంపు, టోపీ ముందుకి లాగితే కళ్ళు కూడా కనపడవు, మెడకున్న శాలువా ముక్కు మీదికి కట్టాను. బిస్కెట్ల రేకు డబ్బా ఖాళీ చేసి చంకలో పెట్టాను, వంగిపోయిన చెంచా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడికీ అని పైనుంచి ఖలఫ్ అరిచాడు. అడుక్కోవడానికి అన్నాను. తలుపు తీశాను, గాలి కోటులో దూరి నన్ను బెలూన్ చేసేసింది, టర్నిప్ గాడు పళ్ళికిలిస్తున్నాడు, ఉండరా నీ పని తర్వాత చెప్తాను.

ఎదురింటి మెట్ల మీద పిల్లలు. సముద్రపు దొంగ పొడుగయ్యాడు, దుప్పటి దెయ్యం దుప్పటి మారింది, కొత్తగా ఒక ఎర్రటి పీత, అట్టలతో చేసిన పెద్ద డెక్కలు, ఆ డెక్కలతో సంచి పట్టుకోలేక అవస్థ పడుతోంది. వెనక నిలబడ్డాను. పెద్దాళ్ళు కూడా వస్తారా అని దెయ్యం గుసగుసలాడింది. ఇష్బెల్ తలుపు తీసింది, వెనక పొయ్యి వెలుగు, అందర్నీ చూసింది, వాళ్ళ తలల మీదుగా నన్ను చూసింది, మా ఖలఫ్ కోటుని గుర్తుపట్టిందని నాకు తెలుసు, ఆవిడ కళ్ళు చెప్పాయి.

"ఈ పొడుగాయనెవరు? పాస్టరు గారా? కాదా. అయితే హార్బరు మాస్టరు అయ్యుండాలి, కానీ హార్బరు మాస్టరు దగ్గర ఇంత చేపల కంపు రాదే" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇష్బెల్ తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకుంది. "అయితే నువ్వేం చేస్తావ్?"

పొద్దుట్నుంచీ నేను అడగడం నేర్చుకున్నానే గానీ, అడిగించుకుంటే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, కళ్ళన్నీ నా మీదే, ఇప్పుడు ఎవరైనా నా దోసిట్లో గుప్పెడు పోసి పో అంటే ఎలా ఉండేదో, అమ్మో. డబ్బా మీద చెంచాతో ఒక దెబ్బ వేశాను. చెయ్యికి జ్ఞాపకం ఉంది, నోటి కన్నా ముందు చెయ్యి మొదలెట్టింది, రెండో దెబ్బ, మూడోది, చెయ్యి వెంట గొంతు, బొంగురు గొంతు, బస్రా సందుల్లో పిల్లల పాట, ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాకుండా, స్కాట్లండ్ సముద్రపు గాలికి ఎదురు పాడాను, వాన కోటు ఎగరేసుకుంటూ ఆ మెట్టు మీదే చుట్టూ తిరిగాను, శాలువా జారిపోయింది, పోనీ. పీత డెక్కలు కొట్టుకుంటోంది, అట్టలు టపటపమంటున్నాయి, తాళం సరిగ్గానే వేస్తోంది. పెట్టని వాళ్ళ చరణం కూడా పాడేశాను, ఎవరికి తెలుస్తుంది. అయిపోయేసరికి ఆయాసం. వెనక్కి తిరిగి చూస్తే మా ఇంటి మేడ కిటికీ తెరిచి ఖలఫ్, దుప్పటి కప్పుకుని, సగం బయటికి వంగి.

ఇష్బెల్ నా సంచి అడిగింది, సంచి లేదు, కోటు జేబు చూపించాను, ఒక నారింజ, నాలుగు వేరుశనక్కాయలు వేసింది. ఆ పాటకి ఇంతకన్నా గిట్టదు అంది. ఇంత బరువైన నారింజ నేనెప్పుడూ మొయ్యలేదు.

పీత నా వైపు తిరిగింది. ఎర్రరంగు పూసిన మొహం, ముందు పన్ను ఊడి ఉంది. ఎఫీ. పోయినేటి ఎముకల పిల్ల.

"మీరు ఎదురింటి ఆంటీ కదా. మీరు వింటారా?"

వింటాను అన్నాను. చెంచా డబ్బాలో వేసి మా గుమ్మం వైపు నడిచాను.

సందు దాటి నా వెనక వచ్చారు, దొంగ, దెయ్యం, పీత, ఇష్బెల్ కూడా చేతికర్ర వెతుక్కుని వచ్చింది, నేను లేకుండా నువ్వు మళ్ళీ తగలేస్తావు అంటూ. అందరినీ లోపలికి పిలిచాను, టర్నిప్ పొగ కూడా మాతోపాటే లోపలికొచ్చింది, ఖలఫ్ మేజోళ్ళతో మెట్లు దిగి మధ్యలో కూర్చున్నాడు, జలుబు ఎటు పోయిందో. దొంగని చర్చి గంట కొట్టేవాడివా అని అడిగాను, దెయ్యాన్ని రొట్టెల కొట్టు పిల్లవా అని అడిగాను, దొంగ ఒక పద్యం చదివాడు, దెయ్యం దుప్పటితోనే పిల్లిమొగ్గ వేసి గోడకి గుద్దుకుంది. నా చెయ్యి పళ్ళెం వైపు పోతూనే ఉంది, అలవాటు ఎక్కడికి పోతుంది, ఖలఫ్ పైమెట్టు మీంచి వంగి నా మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. పీతని, నువ్వు హార్బరు మాస్టరువా అని అడిగాను. కాదంది. ఇష్బెల్‌వా అన్నాను. కాదంటూ డెక్కలు అడ్డంగా ఊపింది.

"అయితే నువ్వేం చేస్తావ్?"

ఎఫీ డెక్కలు రెండూ నేల మీద పెట్టి, నిటారుగా నిలబడింది.

"ఎముకల గూడుకి అంత చలెందుకు వేస్తుంది?"

ఎందుకు అన్నాం అందరం.

"గాలి ఇటు దూరి అటు పోతుంది గనక."

సరిగ్గా అప్పుడే ఉత్తరాల కన్నం రేకు టక్కుమంది, గాలి లోపలికి దూరి మెట్లెక్కి పోయింది, ఖలఫ్ వణికినట్టు నటించాడు, ఇష్బెల్ కర్ర నేలకేసి కొట్టింది, నేను నవ్వాను, మొదట మర్యాదకి, తర్వాత కడుపు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాను, పీత ఎముకల గూడు జోకు చెప్పడమేంటని ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు, ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టుకుంది కాబోలు నా తల్లి. ఖలఫ్ చెయ్యి వదిలించుకుని పళ్ళెం అందుకున్నాను, గుప్పెడు నిండా తీశాను, ఎఫీ సంచి వైపు వంగాను.

ఎఫీ సంచి వెనక్కి లాక్కుంది.

"అయిపోలేదు. అది పోయినేటిది. ఈ ఏటిది ఇంకా ఉంది."

గుప్పిట్లోవి మళ్ళీ పళ్ళెంలో పోసేశాను. పళ్ళెం కింద పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద కూర్చున్నాను.